కొత్త ట్రక్ క్యాంపర్ డెలివరీ ఎలా తీసుకోవాలి: ముహూర్తానికి ముందు రోజు చేయాల్సిన పని

విశాఖలో కొత్త బండి డెలివరీకి ఒక వరస ఉంది. పంతులుగారు చెప్పిన టైముకి ఇంటిల్లిపాదీ షోరూమ్‌కి వెళ్తాం. రిబ్బన్ కట్టిన బండి పక్కన ఫొటో దిగుతాం, స్వీట్ల డబ్బా అందుకుంటాం, చూపించిన చోటల్లా సంతకాలు పెడతాం. అక్కడి నుంచి తిన్నగా ఆసీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడికి వెళ్లి పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి వస్తాం. కారుకైతే ఇది సరిపోతుంది. ట్రక్ క్యాంపర్ అంటే బండి, ఇల్లు రెండూ ఒకేసారి చేతికి రావడం. ఆ ఇంటిని పరీక్షించడానికి ముహూర్తం రోజు చాలదు.

మన దగ్గర ‘క్యాంపర్’ అనగానే చాలామందికి గుర్తొచ్చేది బొలెరో క్యాంపర్, అంటే రెండు వరసల సీట్లూ వెనక తొట్టీ ఉన్న పికప్. నేను చెబుతున్నది పికప్ తొట్టి మీద కూర్చునే గది గురించి. మంచం, పొయ్యి, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు, బ్యాటరీ, ఇన్వర్టర్ అన్నీ అందులోనే ఉంటాయి. పికప్ కంపెనీ ఫ్యాక్టరీలో వందల పరీక్షలు దాటుకుని వస్తుంది. గది మాత్రం నలుగురైదుగురు మనుషులు చేత్తో కట్టింది. తప్పులు ఎక్కువగా దొరికేది అక్కడే.

మా బండి నేను ముహూర్తం రోజునే తీసుకున్నాను. పదకొండు లోపు గేటు దాటాలని మా అమ్మ కంగారు. లోపల లైట్లు వేశాను, ఫ్రిజ్ తలుపు తీసి మూశాను, సంతకం పెట్టేశాను. మూడు వారాలకి ఒక రాత్రి గట్టి వాన పడింది. తెల్లారి చూస్తే మంచం మూల పరుపు తడి. పైన రూఫ్ వెంట్ (గాలి పోవడానికి కప్పులో పెట్టిన కిటికీ) చుట్టూ నీళ్లు దూరకుండా వేసే సీలెంట్ ఒకవైపు రెండంగుళాల మేర అసలు పట్టలేదు. అప్పటికే లోపలి ప్లైవుడ్ నీళ్లు తాగి ఉబ్బింది. బండి కట్టినవాళ్లు సరిచేసి ఇచ్చారు కానీ, అందుకు నలభై రోజులు పట్టింది. డెలివరీ నోట్‌లో ‘అన్నీ సరిగా ఉన్నాయి’ అన్న వాక్యం కింద నా సంతకం ఉంది కాబట్టి గట్టిగా అడగలేకపోయాను. అందుకే చెబుతున్నాను, పూజ రోజు వేరు, చెకింగ్ రోజు వేరు పెట్టుకోండి. చెకింగ్ కనీసం ఒక రోజు ముందు జరగాలి. పిల్లలూ పెద్దలూ వద్దు. మీరు, బండ్లంటే తెలిసిన స్నేహితుడు ఒకరు చాలు. పొద్దున తొమ్మిదికి వెళ్లి సాయంత్రం దాకా ఉంటామని డీలర్‌కి ముందే ఫోన్ చేసి చెప్పండి. బ్యాటరీ ఫుల్ ఛార్జ్ చేసి, నీళ్ల ట్యాంకు నింపి, సిలిండర్ పెట్టి ఉంచమనండి. ‘సిలిండర్ మీరే తెచ్చుకోవాలి సార్’ అంటే అదీ ముందు రోజే తెలుస్తుంది.

వెంట తీసుకెళ్లాల్సినవి: టార్చి, కొలత టేపు, చిన్న అయస్కాంతం, మల్టీమీటర్, టిష్యూ పేపర్లు, సబ్బు నీళ్లు పోసిన స్ప్రే బాటిల్, నోట్‌బుక్. బండి కిందకి దూరాలి కాబట్టి పాత చొక్కా వేసుకెళ్లండి.

ముందు నీళ్లు పోయించండి

వెళ్లగానే కాగితాల దగ్గర కూర్చోబెడతారు. కూర్చోకండి. ముందు బండిని వాషింగ్ బే దగ్గరకి తీయించండి. కారుతున్న నీళ్లు బయటపడటానికి టైము పడుతుంది. అందుకే ఈ పని మొదట పెట్టుకుని, ఆ నీళ్లు దారి వెతుక్కునే లోపు మిగతావి చూసుకోవాలి.

మామూలు పైపు చాలు. ప్రెషర్ గన్ దగ్గర నుంచి కొడితే బాగున్న సీలింగ్ కూడా లేచిపోతుంది. కింద నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లండి. ముందు పక్క గోడలు, తర్వాత కిటికీలు, ఆఖరున కప్పు. ఒక్కో వైపు పది నిమిషాలు ధార ఆగకూడదు. పై నుంచి మొదలుపెడితే నీళ్లు ఎక్కడ దూరుతున్నాయో తేల్చలేరు. డ్రైవర్ క్యాబిన్ మీదకి చొచ్చుకొచ్చే మంచం భాగం ముందు అతుకు మీద ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ పోయించండి. బండి ఎనభైలో వెళ్తుంటే వాన నేరుగా కొట్టేది ఆ అతుకునే.

గంట తర్వాత లోపలికి వెళ్లండి. పొడి టిష్యూ పేపర్‌ని గోడా కప్పూ కలిసే మూలల్లో, కిటికీల కింది అంచుల్లో, రూఫ్ వెంట్ చుట్టూ, ఏసీ అంచుల్లో వేలితో అదిమి పట్టుకోండి. కంటికి కనపడని చెమ్మ కాగితం మీద నల్లటి మచ్చగా తేలుతుంది. పరుపు ఎత్తి కింద చూడండి. అల్మరాల్లో తల పెట్టి వాసన చూడండి. కొత్త ప్లైవుడ్ వాసన ఒకలా ఉంటుంది, తడిసి ఆరిన ప్లైవుడ్ వాసన ఇంకోలా ఉంటుంది. ముక్కుకి తేడా తెలిసిపోతుంది. ఒక్క చోట తడి కనిపించినా ఆ రోజు డెలివరీ తీసుకోకండి. ‘పైన కొంచెం సిలికాన్ వేస్తే సరిపోతుంది సార్’ అంటారు. పాత సీలెంట్ మొత్తం గీకి, ఆరబెట్టి, మళ్లీ వేసి, మీ ఎదురుగా మళ్లీ నీళ్లు పోస్తేనే ఒప్పుకోండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మన ఊరి గాలి. ఇక్కడ చెమ్మ ఆరదు. దానికి సముద్రపు ఉప్పు తోడు. అయస్కాంతం తెమ్మన్నది అందుకే. బయట స్క్రూలు, తలుపు కబ్జాలు, నిచ్చెన బోల్టులు ఒక్కొక్కదానికీ పెట్టి చూడండి. మంచి స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే అయస్కాంతం పట్టదు, లేదా కొంచెమే లాగుతుంది. గట్టిగా అతుక్కుంటే అది మామూలు ఇనుమో, తక్కువ రకం స్టీలో అనుకోండి, పైన ఎంత మెరిసినా సరే. బీచ్ రోడ్డులో రెండు నెలలు నిలిపితే దాని చుట్టూ గోధుమ రంగు చార మొదలవుతుంది. వీలైతే బయటి స్క్రూలు 316 గ్రేడ్‌వి అడగండి, 304 కన్నా ఉప్పుగాలికి అది బాగా నిలుస్తుంది. అల్యూమినియం షీటుకి స్టీల్ బోల్టు నేరుగా తగిలే చోట మధ్యలో రబ్బరు గానీ నైలాన్ గానీ వాషర్ ఉండాలి. లేకపోతే తడి తగిలినప్పుడల్లా అక్కడ అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది. బండి అడుగున తుప్పు పట్టకుండా అండర్‌బాడీ కోటింగ్ వేయించుకుంటే, కింద దూరి టార్చి వేసి చూడండి. నీళ్లు కారిపోవడానికి ఛాసిస్‌లో వదిలిన రంధ్రాలు ఆ కోటింగ్‌తో పూడిపోయి ఉంటాయి ఒక్కోసారి. అప్పుడు వేయించిన మేలు కన్నా కీడే ఎక్కువ.

నీళ్లు ఆరే లోపు కాగితాలు

ఛాసిస్ నంబరు 17 అక్షరాలు, అంకెలు. బండి మీద చెక్కినదీ, ఇన్వాయిస్‌లోదీ, ఇన్సూరెన్స్‌లోదీ ఒక్కొక్క అక్షరం వేలు పెట్టి పోల్చండి. ప్లేటు మీద తయారైన నెల, ఏడాది చూడండి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని. స్టెప్నీతో సహా ఐదింటికీ చూడండి.

ఫారం 21 అమ్మకం సర్టిఫికెట్. ఫారం 22 కంపెనీ ఇచ్చే రోడ్ వర్తీనెస్ సర్టిఫికెట్. బాడీ వేరేవాళ్లు కట్టినప్పుడు 22-ఏ కావాలి. అందులో ఒక భాగం ఛాసిస్ కంపెనీది, రెండోది బాడీ కట్టినవాళ్లది. ఆ రెండో భాగం లేకుండా ‘తర్వాత పంపిస్తాం’ అంటే ఆగండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చడం కుదరదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. కాబట్టి మీ గది ఆర్సీ మీద ఎక్కాలి. బాడీ టైపు, సీట్ల సంఖ్య, ఖాళీ బరువు అనే మూడు గడులూ గదితో కలిపి ఉన్న బండికి సరిపోవాలి. ఖాళీ బరువు గడిలో ఉత్త పికప్ బరువే రాసి ఉంటే, రేపు ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేది దాన్నే.

ఇన్సూరెన్స్ అంటే గుర్తొచ్చింది. పాలసీలో ఐడీవీ, అంటే ఇన్సూరెన్స్ వాళ్లు లెక్కేసిన బండి విలువ, చూడండి. అది పికప్ ధర మీదే లెక్కేసి ఉంటే మీ గదికి బీమా లేనట్టే. గది విలువ, లోపలి ఎలక్ట్రికల్ సామాను విలువ విడిగా రాయించి ప్రీమియం కట్టండి. పాలసీ డీలర్ దగ్గరే తీసుకోవాలన్న రూలు లేదు. సొంత వాహనంగా రిజిస్టర్ అయ్యే కొత్త బండికి మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) తప్పనిసరి. బండి ధర 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు మీ దగ్గర వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను) పడుతుంది. అది మీ పాన్ మీద జమ అయిందో లేదో తర్వాత ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకోండి, రిటర్న్ వేసేటప్పుడు మీరు కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది, ఎక్కువైతే తిరిగి వస్తుంది. ఫాస్టాగ్, రెండో తాళం, హై సెక్యూరిటీ నంబరు ప్లేట్లు అడిగి పుచ్చుకోండి.

వారంటీ ఒకటి కాదు, మూడు రకాలు. పికప్‌ది కంపెనీ వారంటీ, గదిది కట్టినవాళ్ల వారంటీ, ఫ్రిజ్, బ్యాటరీ, ఇన్వర్టర్‌లవి వాటి వాటి కంపెనీలవి. సీరియల్ నంబర్లన్నీ ఫొటో తీసుకోండి. గది కరెంటు కోసం పికప్ వైరింగ్‌ని ఎక్కడైనా కోసి కలిపారేమో అడగండి. కలిపి ఉంటే, దాని వల్ల పికప్ వారంటీ పోదని షోరూమ్ లెటర్‌హెడ్ మీద రాయించుకోండి.

పంపు శబ్దం వినండి

ట్యాంకు నిండుగా ఉందా? పంపు స్విచ్ వేయండి. అన్ని కుళాయిలూ తిప్పి గాలి పోయేదాకా నీళ్లు వదిలి, తర్వాత అన్నీ కట్టేయండి. పంపు రెండు మూడు సెకన్లు గుర్రుమని ఆగిపోవాలి. ఇప్పుడు ఇంజన్, ఫ్యాను, ఫ్రిజ్ అన్నీ ఆపేసి, తలుపు మూసి, పావుగంట మాట్లాడకుండా కూర్చోండి. ఎవరూ కుళాయి ముట్టుకోకుండానే పంపు మళ్లీ ‘గుర్ర్’ అని ఒక్క క్షణం తిరిగిందంటే, ఎక్కడో పైపులో ప్రెషర్ పోతోందన్నమాట. ఏదో ఒక జాయింటు బొట్టు బొట్టుగా కారుతోంది, అది కూడా చాలావరకు అల్మరా వెనకాల, కంటికి కనపడని చోట. సింక్ కింద, వాటర్ హీటర్ వెనక, షవర్ వెనక చెయ్యి పెట్టి జాయింట్లు తడమండి. వాడిన నీళ్ల ట్యాంకు కూడా సగం నింపి, వాల్వు తెరిచి ఖాళీ అవుతుందో లేదో చూడండి.

కరెంటు, గ్యాస్

పూర్తిగా ఛార్జ్ అయి కాసేపు ఊరికే ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 నుంచి 12.7 వోల్టుల దగ్గర ఉంటుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 13.3 దాటి ఉంటుంది. మల్టీమీటర్‌తో మీరే కొలవండి. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేయించి మళ్లీ కొలిస్తే వోల్టేజీ పెరగాలి. పెరగకపోతే నడిచేటప్పుడు ఛార్జింగ్ ఎక్కడం లేదు.

ఇండక్షన్ పొయ్యి పెట్టుకునే ఆలోచన ఉంటే దాన్నే అసలు పరీక్షగా వాడుకోండి. 2000 వాట్లంటే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 170 యాంపియర్లకి పైగా లాగుతుంది. గిన్నెలో నీళ్లు పెట్టి ఫుల్ మీద పది నిమిషాలు మరిగించండి. ఆ తర్వాత బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కి వెళ్లే లావు వైరు తొడుగు మీద చేతి వెనకభాగం ఆనించండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి తీసేయాల్సినంత వేడిగా ఉంటే వైరు సన్నం, లేదా వైరు చివరి లగ్గు (బ్యాటరీకి బిగించే లోహపు తొడుగు) సరిగా నొక్కలేదు. గదులకి నిప్పంటుకునేది ఇలాంటి చోటే. ఆ లావు వైరు మీద బ్యాటరీకి దగ్గర్లో ఫ్యూజు ఉందో లేదో చూడండి. బయటి కరెంటు ప్లగ్గు పెట్టి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కండి, టక్కున పడాలి. ఏసీ గంటసేపు నడపండి. మన చెమ్మకి దాని నుంచి నీళ్లు బాగానే వస్తాయి, అవి బయటకి పోతున్నాయా, కప్పులోకి జారుతున్నాయా అన్నది ఆ గంటలోనే తేలుతుంది.

గ్యాస్ విషయంలో మొహమాటం వద్దు. వంటింటి 14.2 కేజీల సిలిండర్ గదిలో పెట్టి ఇస్తే తీసుకోకండి. చిన్న సిలిండర్‌కి బయటి వైపు తలుపున్న విడి అర ఉండాలి. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, కారితే నేల మీద పేరుకుంటుంది. అందుకే ఆ అర అడుగున బయటకి తెరుచుకునే రంధ్రం తప్పనిసరి. గ్యాస్ అలారం ఉంటే అది కప్పు దగ్గర కాకుండా నేలకి దగ్గర్లో ఉండాలి. రెగ్యులేటర్ తిప్పి ప్రతి జాయింటు మీదా సబ్బు నీళ్లు కొట్టండి, బుడగ లేస్తే అక్కడితో ఆపేయండి. రబ్బరు ట్యూబు మీద ఐఎస్ఐ ముద్ర, తేదీ చూడండి.

కాటా వేయించండి

దీన్ని దాదాపు ఎవరూ చేయరు. మీరు చేయండి. లీటరు నీళ్లంటే కేజీ. ఎనభై లీటర్ల ట్యాంకు నిండితే ఒక మనిషి కన్నా ఎక్కువ బరువు వెనక కూర్చున్నట్టు. డీజిల్, నీళ్లు ఫుల్ చేసి, ఇద్దరూ కూర్చుని గాజువాక, ఆటోనగర్ వైపు ఏదైనా వే బ్రిడ్జికి తీసుకెళ్లండి. లారీలు వేయించుకునేవే చాలు. ముందు మొత్తం బండి, తర్వాత వెనక చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫారం మీద పెట్టి రెండు చీటీలు తీసుకోండి. మొత్తం బరువు పికప్ ప్లేటు మీదున్న జీవీడబ్ల్యూ (అన్నీ కలిపి బండి ఉండదగ్గ గరిష్ఠ బరువు) లోపు ఉండాలి. వెనక బరువు యాక్సిల్ (ఇరుసు) పరిమితి లోపు ఉండాలి. ఇంకా మీ బట్టలు, గిన్నెలు, మిగతా కుటుంబం ఎక్కలేదని గుర్తుపెట్టుకోండి. పరిమితికి యాభై కేజీల దూరంలోనే ఉంటే ఆ బండి మీ నలుగురికీ చాలదు. గది ముందుకీ వెనక్కీ ఎక్కడ కూర్చుందో కూడా ఈ చీటీలే చెబుతాయి. దాని బరువు కేంద్రం వెనక యాక్సిల్‌కి ముందుండాలి. వెనక్కి జరిగితే ముందు చక్రాలు తేలిక పడి స్టీరింగ్ పట్టు తప్పుతుంది.

గదిని తొట్టికి బిగించే నాలుగు టర్న్‌బకిల్స్ మీ చేత్తో ఒకసారి విప్పి, బిగించి చూడండి. గది దించుకునే రకం అయితే, నాలుగు మూలల జాకీలతో దించి మళ్లీ ఎక్కించడం వాళ్లు కాదు, మీరు చేయాలి, పక్కన వాళ్లుండగా. ఒక మూల ఎక్కువ ఎత్తితే గది మెలి తిరుగుతుంది, అందుకని నాలుగూ కొంచెం కొంచెంగా సమానంగా లేపాలి.

తర్వాత బీచ్ రోడ్డు మీద రుషికొండ వైపు ఒక రౌండు వేయండి. సముద్రం గాలి పక్క నుంచి కొడితే ఎత్తు బండి ఎంత ఊగుతుందో అక్కడ తెలుస్తుంది. లోపలి అద్దంలో వెనక ఏమీ కనపడదు. పక్క అద్దాలు గది వెడల్పుని దాటి చూపించాలి.

తిరిగొచ్చాక టేపు పట్టి నేల నుంచి అన్నిటికన్నా ఎత్తైన భాగం దాకా కొలవండి, అది చాలాసార్లు ఏసీ అవుతుంది. బ్రోచర్‌లో రాసింది నమ్మకండి. ఆ అంకె కాగితం మీద రాసి డ్రైవర్ ఎదురుగా అతికించండి. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ఎత్తు కూడా ముందే కొలిచి ఉంచండి. బండి ఇంటికొచ్చాక బీము కింద ఆగిపోవడం నేను చూశాను.

సంతకం, పూజ

దొరికిన లోపాలన్నీ డెలివరీ నోట్ మీదే చేత్తో రాయండి, ప్రతిదానికీ పక్కన సరిచేసే తేదీ వేయించండి, ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఫొటో తీసి వెంటనే వాళ్లకే వాట్సాప్ చేయండి. గది తాలూకు చివరి పది శాతం డబ్బు చెకింగ్ తర్వాతే ఇస్తామని బుకింగ్ రోజే రాయించుకుని ఉంటే, మీ మాటకి బరువుంటుంది. ఇంకా బుక్ చేయనివాళ్లు ఈ ఒక్క వాక్యం మర్చిపోకండి.

మర్నాడు పూజ నిశ్చింతగా చేసుకోండి. ఆసీల్‌మెట్టలో గుడి రోడ్డు పక్కనే, బండ్లు వరసగా ఆగుతాయి, ఎత్తు బండి తిప్పుకోవడం కష్టం కాబట్టి పొద్దున్నే వెళ్లండి. హారతికి ముందు సిలిండర్ వాల్వు కట్టేయండి. సింహాచలం కొండ ఎక్కిస్తామనుకుంటే నీళ్ల ట్యాంకు ఖాళీ చేసి వెళ్లండి, మొదటి రోజే ఘాట్‌లో బరువుతో టెన్షన్ ఎందుకు.

మొదటి రాత్రి అరకు వెళ్లొద్దు. మీ ఇంటి ముందో, ఊళ్లో తెలిసినవాళ్ల జాగాలోనో నిలిపి అందులోనే పడుకోండి. ఫ్రిజ్ రాత్రంతా నడిస్తే తెల్లారి బ్యాటరీ ఎంత మిగిలిందో, కిటికీలకి లోపల చెమ్మ ఎంత పట్టిందో రాసుకోండి. ఆ తర్వాత భీమిలి, ఆ తర్వాత తాటిపూడి. అనంతగిరి ఘాట్ నెల తర్వాత. మొదటి యాభై కిలోమీటర్లకి టర్న్‌బకిల్స్, వంద దాటాక వీల్ నట్లు మళ్లీ బిగించండి. టైర్ల గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి.

మన తీరానికి పెద్ద తుపాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. హుద్‌హుద్ 2014లో అక్టోబరు 12న వచ్చింది. అందుకని ఏటా దసరా లోపు ఒక ఆదివారం నిచ్చెన వేసుకుని కప్పు ఎక్కండి. రూఫ్ వెంట్, ఏసీ, సోలార్ ప్యానెల్ కాళ్ల చుట్టూ ఉన్న సీలెంట్‌ని బొటనవేలితో నొక్కుతూ వెళ్లండి. మెత్తగా లోపలికి వెళ్లి మళ్లీ పైకి వస్తే బాగున్నట్టు. గట్టిపడి, అంచు దగ్గర వెంట్రుక వాసి గీత కనిపిస్తే ఆ రోజే గీకి కొత్తది వేయండి.